యంత్ర భాగముల రూపకల్పన : పల్లె బోరింగు నేర్పు పాఠము

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఇంజనీరింగు కళాశాలలో యంత్రశాస్త్రమును బోధించువారము. అందును యంత్ర భాగముల రూపకల్పన అను పాఠమును చాలకాలముగా చెప్పుచున్నాము. ఈ విషయమును గూర్చి మీ యెదుట మాట్లాడుమని ఆహ్వానము వచ్చినపుడు మాకు కొంత సంకోచము కలిగినది. లెక్కలతోను పటములతోను నిండిన ఈ శాస్త్రముతో పంచాయతీవారికి పని యేమి యని మీలో కొందరికి తోచవచ్చును. కాని మీ ఊరి బోరింగు చెడిపోయి, స్త్రీలు బిందెలు చంకనెత్తుకొని పొలముల బావులకు నడచిన దినమును ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆ దినమున విరిగినది చిటికెన వ్రేలంత లావు గల ఇనుప కడ్డీయో, అరచేతిలో ఇముడు బేరింగో అయియుండును. ఒక వాడకంతటికి నీరు ఆగిపోవుటకు అంత చిన్న వస్తువు చాలును. ఆ వస్తువు ఎంత లావుండవలెను, ఏ లోహముతో చేయవలెను, ఏ ఆకారమున నుండవలెను అని ముందుగా ఆలోచించి నిర్ణయించుటయే మేము చెప్పు రూపకల్పన.

1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. ఆ సవరణతో చేర్చిన 11వ షెడ్యూలులోని 29 విషయములలో త్రాగునీరు ఒకటి. సాంకేతిక శిక్షణ మరియొకటి. కావున నేటి మా ప్రసంగము మీ పరిధిని దాటినది కాదు.

కళాశాలలో ఏమి నేర్తురు?

యాంత్రిక ఇంజనీరింగు పట్టము నాలుగేండ్ల చదువు. విద్యార్థి మొదట పటము గీయుట నేర్చును. ఒక వస్తువును ముందునుండియు, పైనుండియు, ప్రక్కనుండియు చూచి, చూడనివారు సైతము దానిని తయారుచేయగలుగునట్లు కాగితముపై చూపవలెను. తరువాత బలముల లెక్క, పదార్థముల దార్ఢ్యము, లోహముల గుణములు నేర్చును. ఇవన్నియు కొంత పట్టుబడిన పిమ్మట, సాధారణముగా మూడవ సంవత్సరమున, రూపకల్పన పాఠము మొదలగును.

ఇక్కడ విద్యార్థికి ఒక చిక్కు వచ్చును. అంతవరకు నేర్చిన లెక్కలకు ఒక్కటే సరియైన సమాధానముండెడిది. రూపకల్పనలో ఇద్దరు విద్యార్థులు వేరువేరు కొలతలు చూపినను ఇద్దరిదియు సరియే కావచ్చును. ఒకడు లావు కడ్డీని, మెత్తని ఉక్కును ఎన్నుకొనును. ఇంకొకడు సన్నని కడ్డీని, గట్టి ఉక్కును ఎన్నుకొనును. ఎవరిది మేలో చెప్పుటకు ధర, బరువు, దొరకు చోటు, బాగుచేయువాని నేర్పు, ఇన్నియు చూడవలెను. ఈ పాఠపు పరీక్షలో కొలతల పట్టికల పుస్తకమును ఎదుట పెట్టుకొని వ్రాయుటకు అనుమతి కలదు. పుస్తకము చేతిలో నున్నదని సంతోషించిన విద్యార్థియే తరువాత విచారించును. ఏలనన, పుస్తకము అంకెలను చెప్పునే గాని ఏ అంకెను అడుగవలెనో చెప్పదు.

అందుచే మేము విద్యార్థులకు ఐదు ప్రశ్నలు అలవాటు చేయుదుము. ఈ భాగముపై ఎంత బలము పడును? ఏ దిశగా పడును? ఎన్నిసార్లు పడును? చెడిపోయినచో ఏ విధముగా చెడిపోవును? చెడిన దానిని ఎవరు, ఏ పనిముట్లతో బాగుచేయుదురు? మన ఊరి కమ్మరి ఈ ప్రశ్నలు ఎరుగనివాడు కాడు. కర్రుకు పదును పెట్టునపుడు, బండి చక్రమునకు పట్టా ఎక్కించునపుడు అతడు వీనినే తలచును. అతని లెక్క చేతిలో నున్నది. కళాశాల లెక్క కాగితముపై నున్నది. కాగితముపై నున్నందువలన కలుగు లాభమేమనగా, వస్తువు తయారు కాకముందే తప్పు పట్టుకొనవచ్చును. సరిదిద్దిన పటమును వేయి ఊళ్లకు పంపవచ్చును.

బోరింగు కథ

దీనికి మీరందరును ఎరిగిన బోరింగే మంచి ఉదాహరణము. మన దేశములో తొలుత వాడిన చేతి పంపులు పోత ఇనుముతో చేసినవి. విదేశములలో ఒక్కొక్క కుటుంబము తన పెరటిలో వాడుకొను పంపులకు అవి నకళ్లు. వానిని ఊరి నడుమ నిలిపి తెల్లవారుజాము నుండి రాత్రివరకు వందలమంది కొట్టిరి. పిడులు విరిగినవి, మేకులు అరిగినవి. 1970 ప్రాంతమున ఎన్నో ఊళ్లలో పంపులు నీరీయక బొమ్మలవలె నిలిచియుండెడివి. బోరులో నీరు లేక కాదు. ఎన్నిసార్లు పడును అను మూడవ ప్రశ్నను ఎవరును అడుగకపోవుటచే.

షోలాపూరులో ఉక్కుతో చేసిన ఒక పంపు వీనికంటె మేలని తేలినది. దాని అనుభవమును ఆధారముగా గొని భారత ప్రభుత్వమును, యునిసెఫ్ సంస్థయు, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ అను కర్మాగారమును కలిసి 1970 దశకమున ఇండియా మార్క్ 2 పంపును రూపొందించిరి. నేడు మన ఊళ్లలో కనబడు బోరింగు చాలవరకు ఇదియే. దాని పెట్టె మూత తీసినపుడు లోపల ఒక గొలుసును చూచియుందురు. పాత పంపులలో కడ్డీ నేరుగ పిడికి మేకుతో తగిలింపబడి యుండెడిది. పిడి వంపుగా తిరుగును గనుక కడ్డీ పైకి వచ్చినప్పుడెల్ల ప్రక్కకు లాగబడెడిది. మార్క్ 2లో పిడి చివర వంపు బద్ద యుండి, గొలుసు దానిపై చుట్టుకొనుటచే కడ్డీ ఎల్లప్పుడు నిలువుగానే లాగబడును. పిడి తిరుగు ఇరుసునకు రెండు బాల్ బేరింగులు అమర్చిరి.

దీని బలమును మీ ఎదుటనే లెక్కింతము. అడుగున నీటిని ఎత్తు పిస్టను వ్యాసము 63.5 మిల్లీమీటర్లు, వైశాల్యము సుమారు 32 చదరపు సెంటీమీటర్లు. నీరు 30 మీటర్ల లోతున నున్నచో పిస్టనుపై నిలుచు నీటి బరువు సుమారు 95 కిలోలు. 12 మిల్లీమీటర్ల కడ్డీల బరువు మరి 27 కిలోలు. మొత్తము 122 కిలోలు. పిడి చేతి వైపు పొడవు గొలుసు వైపు పొడవునకు 8 రెట్లుండుటచే, కొట్టువారు పెట్టవలసిన బలము సుమారు 15 కిలోలు. బడికి పోవు పిల్లయు నీరు తోడుకొనగలుగుట ఈ 8 రెట్ల లెక్క చలువయే.

17 రెట్ల బలమున్నను ఏల విరుగును?

ఇక కడ్డీ సంగతి చూతము. కడ్డీలను ఒకదానికొకటి కలుపుచోట మరలు కోసియుందురు. అక్కడ బరువు మోయు భాగము 84 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. 122 కిలోలను 84 చే భాగించిన, చదరపు మిల్లీమీటరునకు కిలోన్నర లోపే వచ్చును. సాధారణపు ఉక్కు సాగిపోవుటకు సుమారు 25 కిలోలు కావలెను. అనగా కడ్డీకి 17 రెట్ల బలమున్నది. ఈ అంకె వచ్చినంతనే విద్యార్థులు కలము క్రింద పెట్టుదురు. అయినను కడ్డీలు విరుగుచునే యున్నవని మీరెరుగుదురు. తరగతిలో అసలు పాఠము ఇక్కడనే మొదలగును.

నిమిషమునకు 40 సార్లు చొప్పున దినమునకు 8 గంటలు కొట్టినచో 19,200 సార్లు బరువు ఎక్కును, దిగును. సంవత్సరమునకు 70 లక్షల సార్లు. తీగను ఒక్కమారు వంచిన తెగదు; అటునిటు పలుమార్లు వంచిన తెగును. లోహమునకు అలసట కలదు. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో వెర్సాయి నుండి పారిసునకు పోవు రైలింజను ఇరుసు విరిగి, పెట్టెలు అంటుకొని, ఏబదిమందికి పైగా మరణించిరి. ఇరుసు ఆ బరువును మోయలేనిది కాదు. అంతకుముందు ఎన్నోమార్లు మోసినదే. పిమ్మట జర్మనీ దేశపు రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఇరుసులను లక్షల మార్లు త్రిప్పి పరీక్షించి, 1870 నాటికి ఈ అలసట నియమములను లోకమునకు చూపెను. తక్కువ బరువైనను పలుమార్లు పడినచో విరుగవచ్చుననియు, ఉక్కునకు ఒక హద్దు కలదనియు, ఆ హద్దు లోపల నుంచినచో చిరకాలము మన్నుననియు తేలినది.

అయితే ఆ హద్దు పొడిగా నున్న ఉక్కుకు సంబంధించినది. నీటిలో త్రుప్పు పట్టు కడ్డీకి అది నిలువదు. మర అడుగున సన్నని నెఱ్ఱె పుట్టును. నీరు దానిలో చేరి త్రుప్పు పట్టించును. ప్రతి దెబ్బకు నెఱ్ఱె కొంచెము లోనికి ప్రాకును. మిగిలిన లోహము బరువు మోయలేని దినమున కడ్డీ ఫట్టున విరుగును. విరిగిన ముఖమును చూచినచో ఒక భాగము నునుపుగా, గుల్ల చిప్పపై గీతలవలె వంపు గీతలతో నుండును. మిగిలినది గరుకుగా నుండును. నునుపు భాగము నెమ్మదిగా చీలినది. గరుకు భాగము కడపట తెగినది. వైద్యుడు నాడి చూచినట్లు రూపకర్త ఈ ముఖమును చూచును.

మా పొరపాటు

ఈ పాఠమును మేము పుస్తకములో కంటె ముందు ఒక పిండి మరలో నేర్చితిమి. మేము విద్యార్థులుగా నున్నపుడు ఎరిగినవారొకరు తమ మరకు షాఫ్టు పటము గీసి యిమ్మని కోరిరి. బలములు లెక్కించితిమి, వ్యాసము సరిగనే వచ్చినది. లావు భాగము సన్నని భాగముతో కలియుచోట మూలను నిట్రముగా, చదరపు మూలగా గీసితిమి. లేతు పనివాడు మా పటము ప్రకారమే కోసెను. నాలుగు నెలలకు షాఫ్టు సరిగ ఆ మూలవద్దనే విరిగి, తిరుగుచున్న చక్రము ఊడి గోడను పగులగొట్టెను. ఆ గోడ ప్రక్కన నిలిచి పిండి పట్టు కుఱ్ఱవాడు అప్పుడే అన్నమునకు ఇంటికి పోయియుండెను. మేము పోయి చూచునప్పటికి అతడు తిరిగివచ్చి, తాను నిత్యము నిలుచు చోటునే చూచుచు నిలిచియుండెను. మాతో ఒక్క మాటయు అనలేదు.

నిట్ర మూలయందు బలము గుమిగూడును. ఆ మూలను మూడు మిల్లీమీటర్ల గుండ్రముగా తిప్పియుండినచో షాఫ్టు మన్నెడిది. దానికి ఒక్క రూపాయి అధికముగా వ్యయము కాదు. నాటినుండి మా విద్యార్థి పటములో నిట్ర మూల కనబడినచో, తక్కినదంతయు సరిగనున్నను, మేము దానిని తిప్పి పంపుచున్నాము. అది మా చాదస్తమని వారు నవ్వుకొందురు.

బాగుచేయువానిని తలచుట

ఐదవ ప్రశ్నకు కూడ బోరింగే సమాధానము చెప్పినది. మార్క్ 2లో అడుగున తోలు వాషరు అరిగినను పైపులన్నియు పైకి లాగవలెను. దానికి మండలము నుండి మనుషులు, పనిముట్లు రావలెను. 1980 దశకమున కోయంబత్తూరు ప్రాంతపు గ్రామములలో జరిపిన పరీక్షల ఫలితముగా మార్క్ 3 రూపొందినది. అందులో పైపును లావు చేయుటచే, పైపు కదలకుండనే పిస్టనును పైకి తీయవచ్చును. పైపు ధర పెరిగినది. ఊరివారే బాగుచేసికొను వీలు కలిగినది. ఏది లాభమో లెక్క వేయుట రూపకర్త పని.

పంచాయతీలు చేయదగినవి

2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ తరువాత ఎన్నో ఇండ్లకు కొళాయిలు వచ్చినవి. అయినను విద్యుత్తు పోయిన దినమున బోరింగే దిక్కు. కొళాయి వెనుక నున్న మోటారు పంపునకును షాఫ్టు, బేరింగులు కలవు. కావున మీకు కొన్ని మనవులు.

మొదటిది: విరిగిన ముక్కను పాత ఇనుము వానికి వేయకుడు. తేదీ, బోరు లోతు, ఎన్నాళ్లు పనిచేసినది వ్రాసి దానికి కట్టి పంచాయతీ కార్యాలయములో ఉంచుడు. సమీపమున నున్న పాలిటెక్నిక్కుకో, ఇంజనీరింగు కళాశాలకో చూపుడు. ఒకే చోట మూడుమార్లు విరిగినచో తప్పు అదృష్టముది కాదు. అమరికదో, సామానుదో అయియుండును.

రెండవది: ధర తక్కువయని గుర్తులేని సామాను కొనకుడు. ఐ.ఎస్.ఐ. గుర్తు గల భాగము ఏ కర్మాగారములో చేసినదైనను మీ పంపునకు అతుకును. కొలత తప్పిన కడ్డీ మర నిండుగా పట్టక, మీరు మిగుల్చుకొన్న డబ్బును ఒక్క మరమ్మతులోనే తినివేయును.

మూడవది: నూర్పిడి యంత్రములకు, మేత కోయు యంత్రములకు గల రక్షణ తొడుగులను తీసివేయనీయకుడు. నూర్పిడి యంత్రములవలన కలుగు ప్రమాదములను తలచియే 1983లో ప్రమాదకర యంత్రముల క్రమబద్ధీకరణ చట్టమును చేసిరి. తొడుగు అడ్డమని తోచును. చేయి పోయిన పిమ్మట దాని విలువ తెలియును.

నాలుగవది: ఈ చదువు కోరు పిల్లలను, ఆడపిల్లలను కూడ, ప్రోత్సహింపుడు. పాలిటెక్నిక్కులో డిప్లొమా ముగించినవారు ఈసెట్ పరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో నేరుగ చేరవచ్చును. సెలవులలో వారిని కొలిమి వద్దకు, ట్రాక్టరు మరమ్మతు శాలకు పోనిండు. చేతికి మసి అంటని రూపకర్త పటము మా పిండి మర షాఫ్టువలెనే నుండును.

మీ ఊరి కుఱ్ఱవాడో, బాలికయో రేపు ఒక పంపు భాగమునకు పటము గీయుచు, దీనిని కొట్టువారెవరు, బాగుచేయువారెవరు అని ఒక్క నిమిషము ఆగి ఆలోచించినచో, ఆ ఆలోచన మీ ఊరు నేర్పినదే యగును.