మన ఊరికి వచ్చిన విమానము – ట్రూజెట్ చరిత్ర
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాందేడులోని తెలుగువారలమగు మనకు హైదరాబాదు పరాయి నగరము కాదు. 1956 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిదే. చుట్టరికములు, వైద్యము, పై చదువులు నేటికిని మనలను అటే నడిపించుచున్నవి. కావున ఆ నగరమునుండి మన ఊరికి విమానములు నడిపి, కొలది కాలముననే అంతరించిన ఒక సంస్థను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

దీనికొక పూర్వగాథ గలదు. 1945లో నిజాం ప్రభుత్వమును టాటాలును కలిసి బేగంపేట కేంద్రముగా దక్కన్ ఎయిర్‌వేస్‌ను నెలకొల్పిరి. ఎనిమిది సంస్థలు కాదన్న ప్రేమ్ మాథుర్‌కు పైలటు ఉద్యోగమిచ్చినది ఆ సంస్థయే. ఆమె భారతదేశపు తొలి మహిళా వాణిజ్య పైలటు. 1953లో విమానయానము జాతీయము కాగా ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమయ్యెను.

అదే హైదరాబాదున 2015లో ట్రూజెట్ వెలసినది. జూలై 12న, గోదావరి పుష్కరములకు రెండు దినములు ముందుగా, తన తొలి విమానమును తిరుపతికి నడిపినది. సినీనటుడు రామ్‌చరణ్‌కు అందు సంబంధముండుటచే ఆ పేరు తెలుగునాట త్వరగా వ్యాపించినది. సుమారు 70 మంది పట్టు ఏటీఆర్ విమానములు దానివి. ఇవి చిన్న రన్‌వేలపైనను దిగగలవు; తక్కువ దూరములకు ఇంధనము పొదుపగును.

మన విమానాశ్రయము 2008లో గురుతా గద్దీ త్రిశతాబ్ది ఉత్సవముల సందర్భమున విస్తరింపబడెను. అయినను విమానములు వచ్చుట, మానుట జరుగుచుండెను. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి ఉడాన్ పథకము క్రింద తొలి విమానములను ప్రారంభించినప్పుడు ట్రూజెట్ వారి హైదరాబాదు–నాందేడు సర్వీసు వానిలో ఒకటి. 2017లో పథకము క్రింది సీట్లకు గంట ప్రయాణమునకు సుమారు 2,500 రూపాయలు మించి వసూలు చేయరాదను నియమముండెను. సంస్థకు కలుగు లోటును ప్రభుత్వము కొంత పూరించును. రైలులో పలు గంటలు కూర్చుండవలసిన రోగికి, వృద్ధునకు ఇది ఎంతటి ఊరటయో చెప్పనక్కరలేదు.

అయితే ఆ సహాయము మూడేండ్ల వరకే. అది ముగియు వేళకే, 2020 మార్చిలో, కోవిడ్ కారణమున దేశమందలి ప్రయాణికుల విమానములన్నియు రెండు నెలలు నిలిచినవి. విమానము నేలపై నిలిచియున్నను అద్దె, జీతములు, మరమ్మతు ఖర్చులు నిలువవు. పెట్టుబడి స్వల్పమైన సంస్థ ఆ దెబ్బనుండి తేరుకొనలేకపోయెను. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ విమానములు ఆగిపోయినవి. 2024లో స్టార్ ఎయిర్ వచ్చువరకు మన ఊరు విమానమునకు ఎదురుచూచినది.

బాలబాలికలారా! చిన్న ఊరికి సౌకర్యము తెచ్చుట ఒక ఎత్తు, దానిని నిలుపుట మరియొక ఎత్తు. ఎన్ని సీట్లు నిండవలెను, ఎంత ఛార్జి పెట్టవలెను, సహాయము తొలగిన పిదప ఏమి చేయవలెను అను లెక్కలు తెలిసినవారు మనలోనుండియే రావలెను. ఎనిమిది తలుపులు మూసినను తొమ్మిదవది తట్టిన ప్రేమ్ మాథుర్‌ను మన ఆడపిల్లలు జ్ఞాపకముంచుకొందురుగాక.