పత్రిక, ప్రతిమ, ఓటు



ద్రోణపర్వమున ధర్మరాజు అశ్వత్థామ మరణించెనని బిగ్గరగాను, అది ఏనుగని మెల్లగాను పలికెను. అంతటితో ద్రోణుడు ఆయుధము విడిచెను. నేటి వార్తలలోను ఏ మాట పెద్దయక్షరములలో నుండునో, ఏ మాట మూలకు పోవునో, దానినిబట్టియే మన ఆయుధమైన ఓటు కదలుచుండును.

నందమూరి తారక రామారావుగారు 1982 మార్చి 29న తెలుగుదేశమును స్థాపించి, 1983 జనవరి ఎన్నికలలోనే అధికారమునకు వచ్చిరి. వెండితెరపై రాముడుగా, కృష్ణుడుగా కనిపించిన రూపమును, ‘ఈనాడు’ పత్రిక యండయు వారికి తోడైనవి. అంతమాత్రమున ప్రజలు మోసపోయిరని నేననను. ఐదేండ్లలో నలుగురు ముఖ్యమంత్రులను చూచిన విసుగును, రెండు రూపాయలకు కిలో బియ్యమను వాగ్దానమును గూడ లెక్కలోనికి తీసికొనవలెను.

పద్దుకెక్కని ఖర్చు ఇంతకంటె ప్రమాదము. ఉత్తరప్రదేశములోని బిసౌలి నుండి 2007లో గెలిచిన శాసనసభ్యురాలు, వార్తల రూపమున వెలువడిన ప్రకటనల ఖర్చును లెక్కలలో చూపలేదు. 2011లో ఎన్నికల సంఘము ఆమెను మూడేండ్లపాటు అనర్హురాలిగా ప్రకటించినది.

కావున ఒక్క పత్రికతో తృప్తి చెందకుడు. మన గ్రంథాలయపు బల్లపైనున్న పత్రికలను జమాఖర్చులవలె సరిపోల్చి చూడుడు. పొగడిన పత్రిక విడిచినదానిని తెగడిన పత్రిక చెప్పవచ్చును. సరిచూడని పద్దుపై మనమెవ్వరమును సంతకము చేయము. సరిచూడని మాటపై ఓటు వేయనేల?