రోగానికి ముందు పేరు, తర్వాతే మందు
(మండల రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ఎప్పుడూ మిర్చి ధర, పోడు పట్టాల మాటే. ఈరోజు పందుల గురించి మాట్లాడదాం. నవ్వకండి. ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గూడేల్లో తల్లి పంది అంటే ఆపదలో ఆదుకునే పైకం. పండుగకైనా, ఆసుపత్రి ఖర్చుకైనా అమ్మేది దాన్నే.

మొన్నటి వానాకాలం మా దగ్గర పంది పిల్లలు బంక, నెత్తురు విరేచనాలతో చిక్కిపోయాయి. అదే రోజుల్లో చిన్నపిల్లలకూ విరేచనాలు పట్టుకున్నాయి. అంతా పందుల వల్లేనని ఊరు తీర్మానించేసింది. పెంట పరీక్షకు ఎక్కడికి పంపాలో చెప్పినవారు లేరు. చేతికందిన ఇంజక్షన్లు వేయించాం. కొన్ని బతికాయి, కొన్ని పోయాయి. అది ఏ రోగమో ఇప్పటికీ మనకు తెలియదు.

ఇలాంటి విరేచనాలకు ఒక కారణం పేగుల్లో ఉండే స్పైరోకీట్లు. కంటికి కనబడని సూక్ష్మజీవులు, స్ప్రింగులా మెలితిరిగి ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే రకరకాలవీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మిర్చి విత్తనం సంగతి మనకు తెలిసిందే కదా. రెండు ప్యాకెట్లలో గింజ ఒకటే, చేలో కాపు వచ్చాకే అసలు గుణం బయటపడుతుంది. ఇదీ అంతే.

బ్రాకిస్పైరా హయోడిసెంటరియే అనేది పందులకు నెత్తురు విరేచనాలు తెస్తుంది. ల్యాబులో రక్తం కలిపిన పదార్థం మీద పెంచితే ఎర్ర రక్తకణాలను గట్టిగా కరిగిస్తుంది. బ్రాకిస్పైరా పైలోసికోలి అంతగా కరిగించదు. కొన్ని రసాయన పరీక్షల్లోనూ తేడా చూపుతుంది. ఇది పందుల్లో, కుక్కల్లో, కోళ్ళలో, మనుషుల్లోనూ ఉంటుంది. బ్రాకిస్పైరా ఆల్‌బోర్గి ప్రధానంగా మనిషి పేగుది. దాన్ని 1982లో డెన్మార్క్‌లో గుర్తించారు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు ఎంజైములను, జన్యువులను పోల్చి చూశాకే ఈ రకాల వరసలు తేలాయి.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. అస్సాం తేయాకు తోటల్లో మనుషులను, కుక్కలను పరీక్షించిన అధ్యయనం 2004లో వెలువడింది. పైలోసికోలి, ఆల్‌బోర్గి రెండూ మనుషుల్లో కనబడ్డాయి. ఇవి ఉన్నంత మాత్రాన అందరికీ రోగం రాదు. పెంట తగిలిన నీళ్ళు, చేతుల ద్వారా ఒకరి పేగులోంచి ఇంకొకరి పేగులోకి చేరతాయి. కాబట్టి తప్పంతా పందిదే అనడం న్యాయం కాదు. మరుగుదొడ్డి లేకపోవడం, వాగు చెలమ నీళ్ళే గతి కావడం అసలు దోషాలు.

పేరు తెలియకపోతే నష్టం మనకే. పంది నెత్తురు విరేచనాలకు విప్‌వార్మ్ అనే నులిపురుగు కూడా కారణం కావచ్చు. దానికి కావలసింది నులిపురుగుల మందు, యాంటీబయాటిక్ కాదు. గుడ్డిగా పొడిపిస్తే డబ్బు పోతుంది, సూక్ష్మజీవి మొండికేస్తుంది. పందుల స్పైరోకీట్ మీద టైలోసిన్ చాలా దేశాల్లో పనిచేయకుండా పోయింది. అందుకే మందు విలువ కాపాడుకోవాలి. మనుషులకు ఆఖరి ఆసరా అయిన కొలిస్టిన్‌ను పశువులకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది.

ఈ సూక్ష్మజీవులు గాలి తగిలితే పెరగవు, పెరగడానికి రోజులు పడుతుంది. అందుకే సాధారణ ల్యాబులో తేలవు. కరోనా నాడు మనం చూసిన పీసీఆర్ పరీక్షతో తేలతాయి. మండల పశువైద్యశాలలో పెంట నమూనా తీసుకుని, ఉచితంగా పరీక్ష చేయించి, ఫలితం రైతు చేతికివ్వాలని డిమాండ్ చేద్దాం. ప్రతి గూడేనికీ మంచినీళ్ళు కావాలని పట్టుబడదాం.

మన వంతు పనులూ ఉన్నాయి. జబ్బు పందిని వేరే కట్టేద్దాం. కొత్తగా కొన్నదాన్ని కొన్ని వారాలు మందలో కలపొద్దు. చెలమ చుట్టూ కంచె వేద్దాం, నీళ్ళు కాచి తాగుదాం. ఇంజక్షన్ వేసేవారిని మందు పేరు అడుగుదాం, ఎన్ని రోజులు వేయాలో అన్ని రోజులూ వేయిద్దాం.

వచ్చే వానాకాలానికి ముందే ఈ అర్జీ మీద ప్రతి ఇంటి సంతకం పడాలి. సెలవు.