త్రీ నాట్ త్రీ చెప్పే చరిత్ర
(ప్రసంగ పాఠం)



తెలుగువాళ్ళ పండగలో తుపాకుల గురించి ఉపన్యాసమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. పాత సైనిక రైఫిళ్ళు సేకరించడం నా వ్యాపకం. శాసనాలు చదివేవారికి రాయి ఎలాగో నాకు ఈ ఇనుము అలాగ. అందులో మన చరిత్ర కూడా ఉంది కాబట్టే మీ ముందు నిలబడ్డాను.

మన ఊళ్ళలో పోలీసు కానిస్టేబుల్ భుజాన వేలాడిన త్రీ నాట్ త్రీ చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. జేమ్స్ పారిస్ లీ స్కాట్లండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికా వచ్చి స్థిరపడ్డాడు. మనలాగే వలస వచ్చినవాడన్నమాట! ఎన్‌ఫీల్డ్ లండన్ పక్కన బ్రిటిష్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఉన్న చోటు. 1907లో వచ్చిన మార్క్ 3 రకం రెండు ప్రపంచ యుద్ధాలూ చూసింది. దాన్ని ఆస్ట్రేలియాలో లిత్‌గోలోనూ, కలకత్తా దగ్గర ఇషాపూర్‌లోనూ కూడా తయారు చేశారు.

ఇక్కడి గన్ షోలో అలాంటిది కనబడితే ముందు ఖాళీగా ఉందో లేదో చూడండి. తరువాత బోల్టు వెనక, చెక్క మడమ మొదలయ్యే చోట ఉన్న ఇనుప భాగం కుడివైపు చూడండి. ఊరూ పేరూ అక్కడే ఉంటాయి. కిరీటం, దానికింద జి.ఆర్.ఐ. అనే అక్షరాలు ఉంటే అది బ్రిటిష్ కాలపు ఇషాపూర్ రైఫిల్. జార్జి, రాజు, చక్రవర్తి అని ఆ అక్షరాలకు లాటిన్‌లో అర్థం. స్వాతంత్ర్యం తరువాత అదే కర్మాగారం కిరీటం తీసేసి అశోకుని సింహాలను, ఆర్.ఎఫ్.ఐ. అనే అక్షరాలను కొట్టింది. ఒక దేశం చేతులు మారిన సంగతి వేలెడు ఇనుములో చదువుకోవచ్చు.

1962 చైనా యుద్ధం తరువాత ఇషాపూర్‌లో 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిపడే 2ఎ, 2ఎ1 రైఫిళ్ళు వచ్చాయి. పాత త్రీ నాట్ త్రీలనే మార్చి చేశారని కొందరు చెబుతారు. అది నిజం కాదు. కొత్తగా, మెరుగైన ఉక్కుతో చేసినవి. వీటినే పొట్టిగా కోసి జంగిల్ కార్బైన్ అని ఇక్కడ అమ్మారు. అసలు జంగిల్ కార్బైన్ 1944-47 మధ్య ఇంగ్లండులో తయారైన త్రీ నాట్ త్రీ. దానిమీద ఆర్.ఎఫ్.ఐ. ఉండే అవకాశమే లేదు. ఇక విక్టోరియా రాణి ముద్ర, పక్కన 1906 అనే సంవత్సరం కనబడితే నవ్వి పక్కన పెట్టండి. ఆవిడ 1901లోనే పోయింది! అలాంటివి ఖైబర్ ప్రాంతపు చేతిపనివాళ్ళ నకళ్ళు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంకా పాతది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్, దాని కొవ్వు పూసిన తూటాలు, 1857 తిరుగుబాటు మీకందరికీ తెలిసినవే. ఆ తిరుగుబాటు అణచిన తరువాత భారతీయ సిపాయిలకు బయటికి అచ్చం ఎన్‌ఫీల్డ్‌లాగే ఉండే తుపాకి ఇచ్చారు. గొట్టం లోపల మాత్రం గాడులు లేవు. గాడులుంటే గుండు గిరగిరా తిరుగుతూ చాలా దూరం సూటిగా పోతుంది. లేకపోతే దూరానికి గురి కష్టమే. వెనక గురిచూసే పలకను దూరాన్ని బట్టి సర్దుకొనే వీలు కూడా లేదు. ఇలాంటివి చూసి గాడులు అరిగిపోయాయనుకొనేవాళ్ళు ఉన్నారు. అరిగిపోలేదు, కావాలనే లేకుండా చేశారు. సిపాయి చేతిలో తుపాకి ఉండాలి, తెల్లవాడి తుపాకికి సాటి రాకూడదు. ఆ అపనమ్మకాన్ని పుస్తకంలో చదవడం వేరు, గొట్టంలోకి దీపం వేసి చూడడం వేరు.

అందుకే మీకు నా మనవి. పాత తుపాకి దొరికితే తళతళలాడాలని ఇసక కాగితంతో రుద్దకండి. ముద్రలు పోతే చరిత్ర పోయినట్టే. అమ్మేవాడు చెప్పే కథకు డబ్బు ఇవ్వకండి. బోల్టు మీది నంబరు, తుపాకి మీది నంబరు ఒకటేనా అని చూసుకోండి. డి.పి. అనే ముద్ర ఉంటే అది కవాతుకే, కాల్చడానికి పనికిరాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1898లోగా తయారైనవి అమెరికా ఫెడరల్ చట్టంలో పురాతన వస్తువులు. యాభై ఏళ్ళు దాటినవాటికి సేకరణదారుల లైసెన్సు వేరే ఉంది. రాష్ట్రాల చట్టాలు మళ్ళీ వేరు. హెచ్-1బి వంటి వీసాల మీద ఉన్నవారు కొన్ని మినహాయింపులు తప్ప తుపాకి దగ్గర ఉంచుకోకూడదు. ఇంట్లో పిల్లలుంటే తాళం తప్పనిసరి.

కొనకపోయినా ఫరవాలేదు. ఈసారి ఏ మ్యూజియంలోనో ఇలాంటి రైఫిల్ కనబడితే పిల్లల్ని దగ్గరకు పిలిచి ఆ సింహాలను చూపించండి. ఇది మన దేశంలో చేసిందని చెప్పండి.