బిడ్డల టీకాలు – తలిదండ్రుల బాధ్యత
(సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



జ్వరముతో మూలుగుచున్న బిడ్డకు మందు పోయుటకు ఏ తల్లియు వెనుదీయదు. అయితే ఆరోగ్యముగా ఆడుకొనుచున్న బిడ్డకు సూది వేయించుటకు మరియొక విధమైన ధైర్యము కావలెను. కరోనా కాలములో తిరుపతి, చిత్తూరు ప్రాంతములలోని మన కుటుంబములు ఈ పరీక్షను ఎదుర్కొన్నవి. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పగోరుచున్నాము.

మన దేశములో కరోనా టీకాలు 2021 జనవరి 16న మొదలైనవి. పదునైదేండ్లు దాటిన పిల్లలకు 2022 జనవరి 3న, 12 మొదలు 14 ఏండ్ల వారికి మార్చి 16న ప్రారంభించిరి. పెద్దపిల్లలకు కొవాగ్జిన్, చిన్నవారికి కోర్బివ్యాక్స్ ఇచ్చిరి. ఈ రెండును హైదరాబాదు సంస్థలు తయారుచేసినవే. తాము రెండు మోతాదులు వేయించుకొనిన తండ్రులు సయితము, "మాకైతే సరే అయ్యగారూ, బిడ్డకెందుకు?" అని మమ్మును అడిగిరి.

అందరి సందేహమును ఒక్కటి కాదు. "ఆడపిల్లలకు రేపు సంతానము కలుగదట" అనునది ఆధారము లేని పుకారు. "ప్రార్థన చేయుచున్నాము, అది చాలును" అనునది విశ్వాసపు మాట. "ఈ జబ్బు పిల్లలకు తేలికగా పోవుచున్నది గదా, సూది అవసరమా?" అనునది ఆలోచనతో కూడిన ప్రశ్న. ఈ ప్రశ్నపై వైద్యులే తర్జనభర్జన పడిరి. 2021 సెప్టెంబరులో బ్రిటను దేశపు సలహా సంఘము ఆరోగ్యవంతులైన 12 మొదలు 15 ఏండ్ల పిల్లలకు లాభము స్వల్పమేయని తలచి, అందరికిని సిఫారసు చేయలేదు. అదే నెలలో ప్రధాన వైద్యాధికారులు, పిల్లల చదువులను కూడ లెక్కలోనికి తీసికొని, ఇవ్వవచ్చుననిరి. కావున అట్లడిగిన తల్లిని అవిశ్వాసియని గాని మూర్ఖురాలని గాని అనుట న్యాయము కాదు.

మన సీమకు ఈ వాదము క్రొత్తది కాదు. నాటి చిత్తూరు జిల్లా మదనపల్లె చెంత మిషనులు కలిసి నెలకొల్పిన ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము మనమెరిగినదే. 1948లో దేశములో బి.సి.జి. టీకాలు మొదలైనది మదనపల్లెలోనే. 1955లో రాజాజీ అంతటి పెద్దమనిషి ఆ టీకాను బహిరంగముగా వ్యతిరేకించిరి. తరువాత దశాబ్దములపాటు జరిగిన పరిశీలనలో, పసిబిడ్డలకు మెదడు పొరలకు సోకు తీవ్రమైన క్షయనుండి అది రక్షణనిచ్చుననియు, పెద్దల ఊపిరితిత్తుల క్షయను మాత్రము నమ్మకముగా ఆపలేదనియు తేలినది. అందుచేతనే నేటికిని పుట్టిన బిడ్డకు ఆ సూది వేయుచున్నారు. సత్యమును తేల్చినది భయమును కాదు, ఆర్భాటమును కాదు; ఓర్పుతో చేసిన పరిశీలన.

ప్రార్థన చాలుననువారికి ఒక్క మాట. ఆరోగ్యవరమును కట్టినవారు ప్రార్థన మానలేదు. ప్రార్థించుచునే వైద్యము చేసిరి. మంచి సమరయుడు గాయపడినవానిని చూచి ప్రార్థించి వెళ్లిపోలేదు గదా!

మమ్మును ఎక్కువగా కలవరపరచునది వేరొకటి. కరోనా సూదిపై పుట్టిన అనుమానము తక్కిన సూదులమీదికి ప్రాకరాదు. ఆ కాలములో రాకపోకలు నిలిచి, ఆసుపత్రి గడప త్రొక్కుటకు జనులు జంకిరి. 2021లో ప్రపంచములో రెండున్నర కోట్లమంది పసివారు సాధారణ టీకాలను పూర్తిగా పొందలేకపోయిరి. 2022 చివర బొంబాయిలో తట్టు విజృంభించి పసిప్రాణములను బలిగొన్నది. తట్టు, కరోనావలె పిల్లలకు తేలికగా పోవు జబ్బు కాదు. మన తాతల కాలములో ఊళ్లను ఖాళీచేసిన మశూచి 1975 తరువాత ఈ దేశములో లేదు. 2011 జనవరి తరువాత సహజ పోలియో వైరసు సోకిన బిడ్డయు లేదు. ఇవి టీకాల వలననే కలిగిన మేళ్లు.

కనుక తలిదండ్రులారా, అడుగుడి. అడుగుటలో పాపము లేదు. అయితే ఫోనులో వచ్చిన మాటను కాక, డాక్టరును, మీ ఊరి నర్సమ్మను అడుగుడి. సంఘ పెద్దలారా, భయపడు తల్లిని గద్దింపక, ఆమెతో కూడ ఆసుపత్రికి నడువుడి. నేడు ఇల్లు చేరగానే బిడ్డ టీకాల కార్డు తీసి చూడుడి. తట్టు సూది తొమ్మిది నెలలు నిండిన పిమ్మట ఒకటి, పదునారు మొదలు ఇరువదినాలుగు నెలల లోపు మరియొకటి పడవలెను. ఏది తప్పిపోయినను ఈ వారమే వెళ్లి అడుగుడి. దేవుడు మన చేతికప్పగించిన పసివారిని కాపాడుటకు మనకందరికిని వివేకమును దయచేయును గాక.