పాడినది యంత్రమని తెలిసిన తరువాత



పాటకు ముందు మేము రెండు మాటలు చెప్పుదుము. పాడుచున్నవారెవరు, వయొలిన్ ఎవరు, మృదంగమెవరు, రచన ఎవరిది అను సంగతులు. ఇవి కేవలము మర్యాద కొరకని చాలకాలము మేమును తలచితిమి. కొన్నాళ్ల క్రిందట వచ్చిన ఒక ఉత్తరము ఆ అభిప్రాయమును కదలించినది.

వ్రాసినవారు ఒక పల్లెటూరిలో సంగీతము నేర్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలు. ఒక రాత్రి ప్రసారమైన గాత్రకచేరీలో తంబుర శ్రుతి ఎంతో నిండుగా ఉన్నదనియు, పాట ముగిసినను ఆ నాదము చెవిని విడువలేదనియు, తంబుర వేసినవారి పేరు ప్రకటింపకపోవుట అన్యాయమనియు వ్రాసిరి. మందలింపు ధర్మమైనదే. కాని ఆ రాత్రి తంబుర వేసినవారు లేరు. గాయకుని ప్రక్కన చిన్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె యుండెను. అబద్ధమాడలేక ఆ మాటయే వ్రాసితిమి. కచేరీ పునఃప్రసారమైన పిమ్మట రెండవ ఉత్తరము వచ్చినది. శ్రుతి అదియే గాని, మొదటిసారి తమకు తీగలపై ఒక చేయి కనబడినదట; ఈమారు కనబడలేదట.

ధ్వని మారలేదు. విన్న చెవి మారలేదు. క్రొత్తగా వచ్చి చేరినది ఒక్క సమాచారము. అది ఆనందమును తగ్గించినచో, తగ్గినది సంగీతములోనిదా, శ్రోతలోనిదా?

శ్రుతిపెట్టె సంగతి చిన్నది. నేడు స్వరరచనయు, గానమును యంత్రమే చేయుచున్నది. 2025 వేసవిలో ‘ది వెల్వెట్ సన్‌డౌన్’ అను బృందము పాటలను స్పాటిఫైలో నెలకు పది లక్షలకు పైగా జనులు వినిరి. అట్టి గాయకులెవరును లేరనియు, అవి కృత్రిమ మేధ సాయముతో కూర్చిన పాటలనియు పిమ్మట ఆ బృందము తరఫువారే ఒప్పుకొనిరి. విన్నవారిలో కొందరు నవ్వుకొనిరి, కొందరు మోసపోయితిమని మండిపడిరి.

ఇట్టి పరీక్ష ఇంతకుముందే ఒక సభలో జరిగినది. డేవిడ్ కోప్ అను అమెరికా స్వరకర్త, 1980 ప్రాంతమున తన రచన ముందుకు సాగక, కంప్యూటరును ఆశ్రయించెను. పూర్వుల రచనలను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క స్వరకర్తకు అలవాటైన పోకడలను పట్టుకొని, వానిని మరల క్రొత్తగా కూర్చు యంత్రక్రమమును సిద్ధపరచెను. 1997లో ఆరిగన్ విశ్వవిద్యాలయమున ఒక పియానో విద్వాంసురాలు మూడు రచనలు వాయించిరి. ఒకటి బాఖ్ రచన; ఒకటి స్టీవ్ లార్సన్ అను ఆచార్యుడు బాఖ్ శైలిలో వ్రాసినది; మూడవది కోప్ యంత్రము కూర్చినది. ఏది ఎవరిదో చెప్పుడని సభికులను అడిగిరి. యంత్రము కూర్చినదే బాఖ్ రచన యనిరి. లార్సన్ వ్రాసినది యంత్రము పని యనిరి! పాపము, ఆయన మనసెట్లుండెనో ఊహించుకొనవచ్చును.

ఈ కథ చెప్పి, మా మిత్రుడొకరు, “చెవి చాలును, పేర్లు చెప్పుట మానుడు” అని వాదించుచుందురు. ఆయనకు మేము హార్మోనియము సంగతి జ్ఞాపకము చేయుదుము. 1940లో ఆకాశవాణి హార్మోనియమును నిషేధించి, మూడు దశాబ్దములు లోనికి రానీయలేదు. ఆ పెట్టె మెట్లు కదలవు, గమకము పలుకదు అనుట ముఖ్యమైన అభ్యంతరము. అది చెవి చేసిన ఫిర్యాదు. తప్పో ఒప్పో, విని తేల్చవచ్చును. మన పెద్దల ఫిర్యాదు అట్టిది కాదు. వారి చెవికి ఏ లోపమును తోచలేదు.

అట్లయిన వారిది వట్టి పట్టుదలయా? ఫ్రిట్జ్ క్రైస్లర్ అను వయొలిన్ విద్వాంసుడు సుమారు ముప్పది సంవత్సరములు కొన్ని రచనలను పూర్వుల పేర వాయించి, అవి తనవేయని 1935లో బయటపెట్టెను. లండనులో ఎర్నెస్ట్ న్యూమన్ అను విమర్శకుడు తీవ్రముగా కోపించెను. పేరు మారినంతనే విలువ మారునా యని క్రైస్లర్ వాదము. ఆ రచనలు నేటికిని సభలలో వాయించుచున్నారు; వినువారు సంతోషించుచున్నారు. అబద్ధము తెలిసినప్పటి కోపము నిలువలేదన్నమాట. కాని ఒక భేదము గమనింపవలెను. అక్కడ అబద్ధపు పేరు తొలగింపగా, వెనుక మరియొక మనుష్యుడు నిలిచియుండెను. యంత్రమున పేరు తొలగింపగా ఎవరు మిగులుదురు?

కోప్ ఒకనాడు యంత్రమును నడిపించి భోజనమునకు పోయి వచ్చునప్పటికి, బాఖ్ శైలిలో ఐదువేల భజనగీతములు సిద్ధమై యుండెనట. త్యాగరాజస్వామి జీవితమంతయు పాడిన కీర్తనలలో నేడు మనకు దక్కినవి సుమారు 700. ఆ ఐదువేలలో ఒకటి పోయిన మరియొకటి వచ్చును. ఈ ఏడువందలలో ఒకటి పోయిన తిరిగి రాదు. రాజాస్థానపు పిలుపును కాదని ఆయన పాడెనని సంప్రదాయము చెప్పు కీర్తన వినునపుడు, మనము కల్యాణి రాగమును మాత్రమే వినుచున్నామా? ఆ కాదనుటయు వినుచున్నాము. కాదనుటకు ఏదో ఒకటి కోల్పోవలసియుండెను. అది చెవికి అందునది కాదు, అయినను పాటలో ఉన్నది. యంత్రమునకు రాజు పిలుపు రాదు.

కాబట్టి తెలియుట వలన ఆనందము మారునన్న మాట నిజమే. అది శ్రోత బలహీనత యని మేము తలంపము. అట్లని యంత్రగీతమును విని మెచ్చినవారు సిగ్గుపడ నక్కరలేదు. నచ్చినది నచ్చినదే. దాచుట మాత్రము తగదు. తెలుగువారికి ఇది దూరపు వార్త కాదు. 2020లో మనలను విడిచిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గారి కంఠమును కృత్రిమ మేధతో పునఃసృష్టించి, అనుమతి లేకయే ఒక తెలుగు చిత్రములో వాడిరని వారి కుమారుడు 2024లో న్యాయవాదిచే నోటీసు పంపించిరి. అదే సంవత్సరము ‘లాల్ సలాం’ అను తమిళ చిత్రములో ఎ.ఆర్. రెహమాన్ గతించిన ఇద్దరు గాయకుల కంఠములను ఇట్లే వాడిరి గాని, కుటుంబముల అనుమతి పొంది, ఆ సంగతి తామే వెల్లడించిరి.

మా కార్యాలయములో మిగిలిన వివాదము ఒక్కటే. యంత్రమని పాటకు ముందు చెప్పవలెనా, తరువాత చెప్పవలెనా? ముందు చెప్పిన చెవి మూసికొనునని కొందరు. తరువాత చెప్పుట వలవేసి నవ్వుట వంటిదని మరికొందరు. మేము ముందు చెప్పవలెనను పక్షము. ఇప్పుడు కచేరీ ప్రకటనలో గాయకుని పేరు, ప్రక్కవాద్యముల వారి పేర్లు చెప్పి, శ్రుతిపెట్టె యున్నప్పుడు ఆ మాటయు చెప్పుచున్నాము. స్టూడియో మూలనున్న పాత తంబురకు తీగలు మార్పించితిమి కూడ.

ఆ పెద్దల రెండవ ఉత్తరము చివర ఒక పంక్తి చెప్పుట మరచితిమి. అదే గాయకుని కచేరీ మరల ఎన్నడో తెలుపుమని అడిగిరి.