వలలో డాల్ఫిన్ పడితే భారం ఎవరిది?



2026 జనవరి 1 నుంచి అమెరికాలో కొత్త నిబంధన అమలవుతోంది. సముద్రంలో పట్టిన చేప అక్కడికి వెళ్లాలంటే, ఆ వేటలో డాల్ఫిన్లు, తిమింగలాలు చావకుండా అక్కడి పడవలతో సమానంగా జాగ్రత్తలు తీసుకుంటున్నట్టు మన దేశం చూపాలి.

దీన్ని మనం వ్యతిరేకించడం లేదు. మన వన్యప్రాణి చట్టమూ డాల్ఫిన్‌ను కాపాడుతోంది. అది చిక్కితే వల చిరిగి నష్టపోయేదీ మత్స్యకారుడే.

కానీ తాబేళ్లు తప్పించుకునే పరికరాలు ట్రాల్ వలలకు లేవని మన సముద్రపు రొయ్యను అమెరికా ఇప్పటికే ఆపేసింది. ఇలాంటి దెబ్బ ఎగుమతిదారు దగ్గర ఆగదు. ధర కోతగా వాకాడు తీరంలోని పడవ దాకా వస్తుంది. చిత్తూరు తోతాపురి ధర పడినప్పుడు రైతుకు జరిగిందీ ఇదే.

అందుకే డిమాండ్ చేస్తున్నాం: వలల మార్పు ఖర్చు ప్రభుత్వం, ఎగుమతిదారులు భరించాలి. చిక్కిన డాల్ఫిన్‌ను వదిలి, నిజం చెప్పిన మత్స్యకారుడిపై కేసు పెట్టకూడదు.